పాత బైక్ మీటర్లు విప్పే ముందు: ఊగే ముల్లు, ఇరుక్కున్న ముల్లు, వెలిసిన డయల్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1972 హోండా సీబీ350. స్పీడోమీటర్ ముల్లు 40 దాటగానే అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఆర్‌పీఎం మీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు 3 వేల దగ్గర ఇరుక్కుపోయి, ఇంజన్ ఆపినా కిందికి దిగట్లేదు. కిలోమీటర్ల అంకెలు తిరగడం మానేశాయి, డయళ్లు వెలిసిపోయాయి, గ్లాసు లోపల మసక. ఈ వారాంతం రెండు మీటర్లూ విప్పేసి, రెడీమేడ్ డయల్ స్టిక్కర్లు వేసి, పనిలో పనిగా అంకెలు సున్నాకి తిప్పేద్దామనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

స్టిక్కర్ల దగ్గర మాత్రం కాదు. స్టిక్కర్లు ఇంకా ఆర్డర్ పెట్టకపోతే ఆగండి. చాలా ఏళ్లుగా ఈ మీటర్లతో కుస్తీ పడుతున్నవాణ్ని, "మీటర్ పోయింది" అని నా చేతికి వచ్చిన వాటిలో చాలావాటికి జబ్బు మీటర్లో ఉండదు, కేబుల్‌లో ఉంటుంది. గ్లాసుని పట్టి ఉంచే రింగు ఒకసారి విప్పితే మళ్లీ కంపెనీ వేసినంత శుభ్రంగా మూయడం కష్టం, కాబట్టి విప్పకుండా తేలే సంగతులన్నీ ముందు తేల్చుకోవాలి.

ముందు స్పీడోమీటర్ కేబుల్ రెండు చివరలా ఊడదీసి, లోపలి తీగ బయటికి లాగండి. దాన్ని నున్నటి టేబుల్ మీద పెట్టి, రెండు చివరలు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా దొర్లించండి. బాగున్న తీగ సాఫీగా దొర్లుతుంది. ఎక్కడో చిన్న మడత ఉంటే ఆ ముక్క ప్రతి చుట్టుకూ టేబుల్ మీంచి ఎగిరి పడుతుంది, టక్ టక్ మని చేతికి తెలుస్తుంది. మీ ముల్లు ఊగుడుకి కారణం తొంభై పాళ్లు అదే. తీగ ఒక చోట పట్టుకుని, మెలి తిరిగి, ఒక్కసారిగా వదిలేస్తుంది, ముల్లు కూడా దాంతో పాటే ఎగురుతుంది. చివరల్లో ఉండే నలుచదరపు మొన అరిగి గుండ్రంగా తయారైందేమో కూడా చూడండి. బయటి గొట్టం హెడ్‌లైట్ వెనక ఇరుకుగా వంగి ఉన్నా ఇదే గోల, కేబుల్ ఎక్కడా బిగుతుగా మలుపు తిరగకూడదు.

గ్రీజు సంగతి. లోపలి తీగ చూడండి, మెలికలు మెలికలుగా చుట్టి ఉంటుంది కదా, అది తిరుగుతుంటే స్క్రూలాగా పనిచేసి గ్రీజుని పైకి తోస్తుంది. ఎవరో మంచి మనసుతో కేబుల్ నిండా గ్రీజు కూరి పెడతారు, ఆ గ్రీజంతా కొన్నాళ్లకి మీటర్ పొట్టలోకి చేరుతుంది. మీ ఆర్‌పీఎం మీటర్ ముల్లు 3 వేల దగ్గర అంటుకుపోవడానికి నా మొదటి అనుమానం కూడా దీని మీదే. తీగ కింది భాగానికి పలచగా రాయండి, పైన మీటర్ వైపు ఒక జానెడు పొడిగా వదిలేయండి. మీటర్ కింది రంధ్రంలోకి స్ప్రే ఆయిల్ కొట్టమని మీకెవరో సలహా ఇచ్చారన్నారు, ఆ పని అసలు వద్దు. అది అంకెల చక్రాల మీదికి, డయల్ వెనక్కి, పోకూడని చోటుకల్లా పోతుంది, పోయి అక్కడ జిగురవుతుంది.

కేబుల్ బాగానే ఉందనుకుంటే తర్వాత చక్రం దగ్గరి డ్రైవ్, అంటే చక్రంతో పాటు తిరిగి కేబుల్‌ని తిప్పే గేర్లు. ఒక చిన్న లెక్కతో డ్రైవ్‌నీ మీటర్‌నీ విడివిడిగా పరీక్షించొచ్చు. కేబుల్ పై చివర మీటర్ నుంచి ఊడదీసి, లోపలి తీగకి ఒక చిన్న టేపు ముక్క జెండాలా అంటించండి. నేల మీద టేపుతో సరిగ్గా 10 మీటర్లు కొలిచి గీతలు గీయండి. మీరు బండి మీద కూర్చుని కాళ్లతో నెట్టుకుంటూ నడపండి, ఇంకొకరు జెండా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. వచ్చిన అంకెని 100తో గుణిస్తే కిలోమీటరుకి ఎన్ని చుట్లో తేలుతుంది. చాలా జపాన్ మీటర్లు 60 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 1400 చుట్లు అనే లెక్కతో తయారయ్యాయి. 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే కిలోమీటరుకి 1400 చుట్లు, 10 మీటర్లకి 14. మీ జెండా 14 చుట్ల దరిదాపుల్లో తిరిగితే డ్రైవ్, టైరు సైజు రెండూ సరిగ్గా ఉన్నట్టే. 11 వచ్చిందంటే ఎవరో ముందు చక్రమో డ్రైవో వేరే బండిది వేశారన్నమాట, అప్పుడు మీటర్‌ని ఎంత బాగుచేసినా వేగం తప్పే చూపిస్తుంది. ఈ కొలత తీసుకోకుండా మీటర్ విప్పిన వాళ్లు చివరికి మళ్లీ ఇక్కడికే వస్తారు, నేనూ వచ్చాను.

ఇంగ్లిష్ బండ్ల స్మిత్స్ మీటర్లలో ఈ అంకె డయల్ మీదే ఉంటుంది, ఉదాహరణకి 1600 అని చిన్నగా రాసుంటే మైలుకి 1600 చుట్లని అర్థం. జర్మన్ వీడీఓ మీటర్ల మీద డబ్ల్యూ అని రాసి పక్కన 0.75 లాంటి అంకె ఉంటుంది, అది మీటరు దూరానికి ఎన్ని చుట్లో చెప్తుంది.

ఇక మీటర్ లోపల ఏముంటుందో కాస్త తెలిస్తే మిగతా పనంతా తేలికవుతుంది. కేబుల్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద, దానికి తగలకుండా, ఒక పల్చటి అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు, కానీ అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో సుడి ప్రవాహాలు, అదే ఎడ్డీ కరెంట్లు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగాలని చూస్తుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండిటి పోటీలో గిన్నె ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ ఆగుతుంది. 1902లో ఒట్టో షుల్జే అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది, మీ స్పీడోమీటరూ ఆర్‌పీఎం మీటరూ రెండూ ఇదే వరస. అంటే అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య ఉండాల్సింది గాలి మాత్రమే. అక్కడికి గ్రీజు చేరిందంటే, స్ప్రింగ్ లాగలేనంత గట్టిగా గిన్నెని అయస్కాంతం ఈడ్చుకుపోతుంది, లేదా గిన్నె ఒక చోట అంటుకుపోతుంది.

ఇది కూడా విప్పకుండానే చూడొచ్చు. మీటర్‌ని బండి మీంచి తీసి, డయల్ మీ వైపు ఉండేలా చేతిలో పట్టుకుని, తాళం తిప్పినట్టు మణికట్టుతో ఒక్కసారి చటుక్కున తిప్పి ఆపండి. ఆరోగ్యంగా ఉన్న మీటర్లో ముల్లు చటుక్కున లేచి, ఊగి, తిరిగి సున్నాకి వచ్చి ఆగుతుంది. బద్ధకంగా కదిలితే ఇరుసు దగ్గర నూనె ఎండి బంకయింది. కదలనే కదలకపోతే గ్రీజో తుప్పో. తర్వాత పనికిరాని పాత కేబుల్ తీగ లోంచి ఒక 7 సెంటీమీటర్ల ముక్క కోసి, డ్రిల్లుకి బిగించి, మీటర్ కింద దూర్చి నెమ్మదిగా తిప్పండి. చక్రం ముందుకి తిరిగినప్పుడు తీగ ఏ వైపు తిరుగుతుందో ముందే చూసిపెట్టుకుని డ్రిల్లు కూడా అదే వైపు తిప్పాలి. డ్రిల్లుతో ముల్లు నిలకడగా నిలిచి, అంకెలు కూడా తిరిగాయంటే మీ స్పీడోమీటర్‌కి ఏ జబ్బూ లేదు, కొత్త కేబుల్ వేసి, డయల్ వెలిసినా సరే అలాగే వదిలేయమంటాను. మీరు వదలరని తెలుసు, ఆర్‌పీఎం మీటర్ ఎలాగూ విప్పాలి కాబట్టి చెప్తున్నా.

విప్పేముందు ఒక హెచ్చరిక, మీ 1972 బండికి కాదు గానీ ఇది చదివి ఇంకా పాత మీటర్లు విప్పబోయే వాళ్లకి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువీ, ఆ తర్వాత 1960ల దాకా వచ్చినవాటిలో కొన్నీ చీకట్లో మెరిసే అంకెలతో ఉంటాయి, ఆ రంగులో రేడియం ఉండేది. ఇప్పుడు మెరవట్లేదు కదా అని ధైర్యం చేయొద్దు. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ పాడైంది గానీ రేడియం ఎక్కడికీ పోలేదు, దాని అర్ధాయువు 1600 ఏళ్లు. గ్లాసు వెనకున్నంత వరకు పెద్ద భయం లేదు, అసలు ప్రమాదం ఆ రంగు పొడి ఊపిరితోనో చేతుల మీంచి నోట్లోకో వెళ్లడం. అంకెలు గోధుమరంగుకి తిరిగి ఉబ్బెత్తుగా, పొడిపొడిగా కనిపిస్తే గోకొద్దు, రుద్దొద్దు, ఊదొద్దు. రేడియోధార్మికతని కొలిచే గైగర్ కౌంటర్‌తో చూపించుకుని, ఉందని తేలితే ఆ పని చేసేవాళ్లకే ఇచ్చేయండి.

ఇప్పుడు రింగు. స్మిత్స్ క్రోనోమెట్రిక్ మీటర్ల (లోపల గడియారం లాంటి యంత్రం ఉండే పాత రకం) రింగుకి మరలు ఉంటాయి, తిప్పితే వస్తుంది. మీ హోండాకి ఆ అదృష్టం లేదు, డబ్బా అంచు మీదికి రింగుని మడిచి నొక్కేశారు. మెత్తటి తువ్వాలు మడతపెట్టి మీటర్‌ని బోర్లించండి. ఒక చిన్న స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో మొద్దుగా అరగదీసి, వాటర్ పేపర్‌తో నున్నగా చేయండి, పదును ఉంటే రింగు చీలుతుంది. మడత కింద దాన్ని దూర్చి అర మిల్లీమీటరు పైకి లేపి, పక్కకి జరిగి మళ్లీ అర మిల్లీమీటరు. ఒక చుట్టు పూర్తయ్యాక రెండో చుట్టు ఇంకొంచెం. నాకు ఒక్కో రింగుకి ఐదారు చుట్లు, ముప్పావు గంట పడుతుంది. ఒకే చోట నిలువుగా లేపేద్దామని చూస్తే అక్కడ లోహం సాగి, ముడతపడి, తిరిగి మూసేటప్పుడు అలలు అలలుగా కనబడుతుంది. పూర్తిగా నిలువుగా విప్పక్కర్లేదు, సగం చుట్టు మేర గ్లాసు పక్కకి ఒరిగి బయటికి వచ్చేంత తెరిస్తే చాలు, మిగతా సగం కంపెనీ మడతే ఉండిపోతుంది.

కొందరు రింగు జోలికి పోకుండా డబ్బా నడుముని కోసి, తిరిగి అతికించి, ఆ అతుకుని రబ్బరు కప్పులో దాచేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ లోపల అయస్కాంతం ఉందని మర్చిపోవద్దు, కోసిన ప్రతి ఇనుప రజనూ వెళ్లి దానికే అతుక్కుంటుంది, ఆ రజను గిన్నెని గీకుతుంటే ముల్లు ఒక చోట తట్టుకుంటూ తట్టుకుంటూ కదులుతుంది, కారణం మాత్రం ఎంత వెతికినా కనబడదు. ఆ మాటకొస్తే మామూలు వర్క్‌బెంచ్ మీద కూడా విప్పొద్దు, తెల్ల కాగితం పరిచి, పక్కన ఆకురాయి వాడకుండా పని చేయండి. రజను ఇప్పటికే అంటుకుని ఉంటే దులిపితే పోదు. పోస్టర్లు అంటించే బంకముద్ద ఉంటుంది కదా, దాన్ని అయస్కాంతం మీద అద్ది అద్ది తీయాలి.

డబ్బా వెనకున్న రెండు స్క్రూలు తీస్తే లోపలి యంత్రం మొత్తం ఒకే ముద్దగా బయటికి వస్తుంది. స్పీడోమీటర్ అయితే ట్రిప్ నాబ్‌ని (ఒక్కో ప్రయాణం దూరం చూపే అంకెల్ని సున్నాకి తిప్పే బొడిపె) ముందు ఊడదీయాలి, లేకపోతే బలవంతం చేసి దాని ఇరుసు వంచేస్తారు. ప్రతి అడుగుకీ ఫొటో.

ముల్లు. అందరూ చేతులు కాల్చుకునేది ఇక్కడే, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. మీటర్ సున్నా దగ్గర ముల్లు ఆనుకుని ఉండేది ఒక చిన్న పిన్నుకి, అది స్ప్రింగ్ అసలు విశ్రాంతి స్థానం కాదు. ముల్లు కొసని సన్నటి సూదితో కొద్దిగా పైకి ఎత్తి పిన్ను మీంచి అవతలికి దాటిస్తే, సున్నాకి ఇంకా కిందికి వెళ్లి ఎక్కడో నెమ్మదిగా ఆగుతుంది. ఆ ఆగిన చోటే దాని నిజమైన సున్నా. డయల్ అంచు మీద అక్కడ ఒక సన్నటి టేపు ముక్క అంటించండి, యంత్రం చట్రం మీద కూడా గుర్తు పెట్టుకోండి, డయల్ మారితే టేపు గుర్తు పోతుంది కాబట్టి. ఈ గుర్తు లేకుండా ముల్లు పీకేసి, తర్వాత "సున్నా మీద పెట్టి నొక్కేశా" అనే వాళ్ల మీటర్లన్నీ తప్పే చూపిస్తాయి.

పీకడానికి రెండు టీ స్పూన్లు చాలు. ఒక మందపాటి కాగితానికి గాటు పెట్టి ముల్లు కింద డయల్ మీద పరిచి, స్పూన్లని బోర్లించి, ముల్లు బొడ్డుకి చెరోవైపు పెట్టి, రెండు చేతులతో ఒకేసారి సమానంగా కిందికి నొక్కండి. నిటారుగా పైకి రావాలి. పక్కలకి ఊపితే లోపలి ఇరుసు వంగిపోతుంది, అది సూదికంటే కాస్త లావు అంతే.

డయల్ తీశాక గిన్నె, స్ప్రింగ్, అయస్కాంతం కనిపిస్తాయి. మీ ఆర్‌పీఎం మీటర్లో నల్లగా, తారులా ఉన్న గ్రీజు కనబడితే ఆశ్చర్యపోకండి. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లల దూది పోగులు ఊడిపోయి గిన్నెలో చిక్కుకుంటాయి, అందుకని గట్టి కాగితాన్ని సన్నగా కత్తిరించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి గిన్నె కిందుగా లాగుతూ తుడవండి. మురికి రాకుండా పోయేదాకా కొత్త కాగితం మారుస్తూ ఉండాలి. స్ప్రింగ్‌ని ముట్టుకోవద్దు. దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే మాత్రం ఒక చుక్క ఆల్కహాల్ వేసి ఆరనివ్వండి, చుట్లు అంటుకుంటే స్ప్రింగ్ పొట్టిదైపోయినట్టు గట్టిపడి ముల్లు తక్కువ చూపిస్తుంది. ఆరాక నూనె ఎక్కడ వేయాలంటే ముల్లు ఇరుసు ఆనుకునే చోట, అదీ గడియారాలకి వాడే నూనె, సూదిమొనతో ముంచి తీసినంత. కింద కేబుల్ దూరే లావు ఇరుసుకి మామూలు పలచటి మెషిన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేసి తిప్పుతూ ఇంకనివ్వాలి. నడిపేటప్పుడు మీటర్ కీచుమని అరుస్తుందంటే ఆకలేస్తున్నది ఈ ఇరుసుకే, ఆ అరుపు పట్టించుకోకపోతే ఇరుసు పట్టేసి కేబుల్ తెగుతుంది.

అంకెలు ఎందుకు ఆగాయో కూడా ఇప్పుడే కనిపిస్తుంది. సాధారణంగా రెండే కారణాలు. ఎండిన గ్రీజుతో చక్రాల దొంతర బిగుసుకుపోవడం, లేదా దాన్ని తిప్పే చిన్న గేరు చీలి ఇరుసు మీద జారిపోవడం. మొదటిదైతే శుభ్రం చేస్తే పోతుంది. రెండోదైతే గేరుని అతికించే ప్రయత్నాలు చాలా చేశాను, ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు, ఇంకో పాడైన మీటర్ కొని దాంట్లోది వేసుకోవడమే నయం. సున్నాకి తిప్పే సంగతి అడిగారు. తిప్పడం పెద్ద విద్య కాదు, కానీ నేను తిప్పను, ఎవరు అడిగినా తిప్పి ఇవ్వను. చాలా దేశాల్లో అది నేరం కూడా, రేపు మీరు ఆ బండి అమ్మితే కొన్నవాడు ఇంజన్ 3 వేల కిలోమీటర్లే తిరిగిందనుకుంటాడు. ఉన్న అంకె ఉన్నట్టే పెట్టి, విప్పిన తేదీ, ఆ రోజు అంకె కాగితం మీద రాసి బండి కాగితాలతో ఉంచండి. వేరే మీటర్ దొంతర వేస్తే పాత దాని అంకె కూడా రాయండి.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న డయల్. నేను మొట్టమొదట విప్పిన మీటర్ డయల్ మీద సన్నటి దుమ్ము పొర ఉంది, అంతే, మిగతా అంతా చక్కగా ఉంది. యంత్రం తుడిచిన ఆల్కహాల్ పక్కనే ఉంది కదా అని దూదికి అద్ది ఒక్కసారి అలా తుడిచాను. దూది మీద తెల్లగా ఏదో వచ్చింది, మురికి అనుకుని సంతోషపడ్డాను. ఎత్తి చూస్తే 80 అన్న అంకెలో 8 లేదు. 50 ఏళ్లు ఎండనీ వాననీ తట్టుకున్న అక్షరం నా చేతిలో రెండు సెకన్లు నిలవలేదు. అందుకని చెప్తున్నా, ఆ డయళ్ల మీది ప్రింటు మనం అనుకున్నంత గట్టిది కాదు. పొడి మెత్తటి కుంచెతో దులపండి. అప్పటికీ పోకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిగా ఉన్న దూది, అదీ ముందు రింగు కింద దాగే అంచు మీద పరీక్షించాక. అక్కడితో ఆగిపోండి.

స్టిక్కర్లంటే నాకు పడదు, దాచుకోను. చాలావాటి నలుపు మరీ మెరుస్తుంది, అసలు డయల్ నలుపు సుద్దలా మొద్దుగా ఉంటుంది. అంకెల మధ్య కోణాలు ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఉన్నవి కూడా చూశాను, సున్నా దగ్గర కుదిరితే 100 దగ్గర కుదరదు. స్టిక్కర్ మందం వల్ల ముల్లు రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. వేయాలనే ఉంటే, ముందు మీ పాత డయల్‌ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెట్టి అసలు సైజులో స్కాన్ చేసి దాచుకోండి, స్టిక్కర్‌ని దాని ప్రింటు పక్కన పెట్టి ప్రతి గీతా కలుస్తుందో లేదో చూసి అప్పుడు వేయండి. వెలిసిన డయల్ అయినా అంకెలు చదవగలిగితే నేను అలాగే ఉంచుతాను. మిగతా బండి 50 ఏళ్లది, మీటర్ ఒక్కటే నిన్న పుట్టినట్టు ఉంటే కంటికి గుచ్చుకుంటుంది. ఇది నా పిచ్చి, మీ బండి మీ ఇష్టం.

ముల్లుకి రంగు వేయడం మాత్రం తప్పనిసరి అవుతుంది, ఆ ఎర్రటి నారింజ రంగు ఎండకి పాలిపోయి దాదాపు తెల్లబడుతుంది. ముందు పలచగా తెల్లరంగు, దాని మీద ఫ్లోరసెంట్ నారింజ రెండు పొగలాంటి పూతలు. మందంగా పూస్తే ముల్లు బరువెక్కుతుంది, దాని తోక వైపున్న బరువుతో సమతూకం పోయి, మీటర్‌ని నిలబెట్టినప్పుడు ఒకటి, పడుకోబెట్టినప్పుడు ఒకటి చూపిస్తుంది.

గ్లాసు ప్లాస్టిక్‌దైతే లోపల మసకని 1500, 2000 నంబర్ వాటర్ పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది, తర్వాత ప్లాస్టిక్ పాలిష్‌తో మెరిపించొచ్చు. నిజం గాజైతే మసక అంతా పాత నూనె ఆవిరే, సబ్బునీళ్లకి పోతుంది. డబ్బా లోపలి గోడలు చూడండి, లేత రంగు పూత ఉండి పెచ్చులు రాలుతూ ఉంటుంది. అది బల్బు వెలుగుని డయల్ అంతా పరిచే అద్దంలాంటిది, తెల్లగా మళ్లీ వేస్తే రాత్రిపూట ఎంత తేడా వస్తుందో చూస్తే మీకే నవ్వొస్తుంది. బల్బు 12 వోల్టుల చిన్నది, వెలుగు చాలట్లేదని పెద్దది పెడితే డయల్ మాడుతుంది. ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు, కానీ మీటర్ దగ్గర ఎడమ కుడి ఇండికేటర్లకి ఒకే బల్బు ఉన్న బండ్లలో ఆ బల్బుకి మామూలు ఎల్‌ఈడీ పనిచేయదు, కరెంటు ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి వస్తుంది కాబట్టి ఒక వైపుకే వెలుగుతుంది.

మూసేటప్పుడు సూపర్ గ్లూ ఎక్కడా వాడొద్దు. ఒకసారి డయల్ వెనక ఊడిన చిన్న ప్లాస్టిక్ ముక్కకి ఒక్క చుక్క వేసి, వెంటనే రింగు మూసేశాను. మర్నాడు పొద్దున చూస్తే గ్లాసు లోపలంతా మంచు కురిసినట్టు తెల్లటి పొర, ఆ ముప్పావు గంట రింగు పని మళ్లీ మొదటి నుంచి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా అంతే, దాని ఆవిరి లోపలి లోహాన్ని తింటుంది. వాసన లేని న్యూట్రల్ సిలికాన్ పలచగా, అదీ గ్లాసు అంచుకి మాత్రమే. డబ్బా కింద ఉన్న చిన్న రంధ్రాలు మూయొద్దు, మీటర్ ఊపిరి పీల్చుకునేది వాటితోనే. గాలి చొరబడకుండా మూసేస్తే లోపలికి చేరిన తేమ అక్కడే ఉండిపోయి గ్లాసు మళ్లీ మసకబారుతుంది.

రింగు మూసే ముందు సరిచూడాలి. ముల్లుని మీరు గుర్తు పెట్టిన నిజమైన సున్నా మీద తేలిగ్గా కూర్చోబెట్టి, తర్వాత ఎత్తి పిన్ను ఇవతలికి దాటించండి. డ్రిల్లుకి చిన్న మెరిసే టేపు అంటించి, లేజర్ టాకోమీటర్‌తో దాని వేగం కొలుస్తూ తిప్పండి. మీ స్పీడోమీటర్‌కి నిమిషానికి 1400 చుట్ల దగ్గర 60, 700 దగ్గర 30 చూపించాలి, డ్రిల్లు ఇంకా వేగంగా పోగలిగితే 1870 దగ్గర 80. ఇప్పుడు తప్పు ఎలా ఉందో చూడండి. అన్ని చోట్లా 5 ఎక్కువో 5 తక్కువో ఉంటే ముల్లు కూర్చున్న చోటు తప్పు, తీసి జరపండి. 30 దగ్గర 3 తక్కువ, 60 దగ్గర 6 తక్కువ, ఇలా వేగంతో పాటు పెరుగుతూ పోతే ముల్లు తప్పేం లేదు, అయస్కాంతం బలహీనపడింది, ఏళ్ల తరబడి వాడకంలో అది సహజం. ముల్లు జరిపి 60 దగ్గర సరిచేస్తే 30 దగ్గర తప్పుతుంది, అది సరిచేయడం కాదు. దానికి అయస్కాంతాన్ని మళ్లీ శక్తిమంతం చేసి, తర్వాత లెక్కకి సరిపోయేంత వరకు కొద్దికొద్దిగా తగ్గించే పరికరం కావాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు, మీటర్లు చేసేవాళ్ల దగ్గరే ఉంటుంది. అలాంటి తప్పు కనిపిస్తే యంత్రం వరకు వాళ్లకి పంపి, మిగతాది మీరు చేసుకోండి. కాస్త ఎక్కువ చూపించే మీటర్‌తో బతకొచ్చు, తక్కువ చూపించే దానితో కాదు, స్పీడోమీటర్ల గురించిన ఐక్యరాజ్యసమితి నియమం యూఎన్ రెగ్యులేషన్ 39 కూడా అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదనే అంటుంది.

ఆర్‌పీఎం మీటర్‌కి డయల్ అడుగున 1:4 లాంటి నిష్పత్తి చిన్నగా రాసుంటే డ్రిల్లు లెక్క కట్టుకోవచ్చు, అంటే కేబుల్ 1000 తిరిగితే ముల్లు 4 వేలు. లేకపోతే ప్లగ్ వైరుకి చుట్టే చవక డిజిటల్ మీటర్ ఒకటి పెట్టి, బండి మీదే రెండూ పోల్చి చూసుకోండి.

బండికి తిరిగి బిగించే ముందు రబ్బరు కప్పులు, వాషర్లు మార్చండి. ఎండి రాయిలా అయిన రబ్బరుతో ఇంజన్ వణుకంతా నేరుగా ఆ సూదిలాంటి ఇరుసుకే తగులుతుంది, మీరు చేసిందంతా ఒక్క సీజన్‌లో పోతుంది. నట్లు బిగించేటప్పుడు కూడా మీటర్ చేతితో కొద్దిగా కదిలేంత వదులు ఉండాలి.

పైన క్రోనోమెట్రిక్ అన్నాను కాబట్టి ఒక మాట. 1960ల మొదటి దాకా ఇంగ్లిష్ బండ్లకి వచ్చిన ఆ స్మిత్స్ మీటర్ ఉన్నవాళ్లు పై పద్ధతి దానికి వాడొద్దు. దాంట్లో అయస్కాంతం, గిన్నె ఉండవు, లోపల నిజంగా గడియారమే ఉంటుంది, కొంత సమయంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ముల్లుని మెట్టు మెట్టుగా జరుపుతుంది. ముల్లు గెంతుతూ కదలడం దాని జబ్బు కాదు, దాని తీరే అంత. డ్రిల్లుతో వెనక్కి తిప్పారంటే పళ్లు విరుగుతాయి.

మీకైతే ముందు కేబుల్ టేబుల్ మీద దొర్లించి, 10 మీటర్ల లెక్క తీసి, ఆర్‌పీఎం మీటర్‌ని మణికట్టు తిప్పి చూసి, మూడూ ఏం వచ్చాయో ఇక్కడ రాయండి. ముల్లు పీకే ముందు పిన్ను అవతల ఎక్కడ ఆగిందో ఒక ఫొటో కూడా పెట్టండి, అది చూశాక గ్రీజా, స్ప్రింగా అన్నది చెప్తాను.